పదకొండో పేరు

పుదుచ్చేరి శాసనసభ సచివాలయంలో టేబుల్ సెక్షన్ సూపరింటెండెంటుగా నేను బాధ్యత తీసుకున్నది ఒక జూన్ నెల మొదటి సోమవారం. ఎన్నికలు అయిపోయాయి, కొత్త సభ్యుల ప్రమాణానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. నాకు అప్పటికి ముప్పై నాలుగేళ్ల సర్వీసు, రిటైర్మెంటుకి మరో మూడేళ్లు. సభ జరిగేటప్పుడు స్పీకరు కుర్చీ ముందు ఒక పొడుగాటి బల్ల ఉంటుంది. ఆ రోజు కార్యక్రమాల జాబితా, ప్రశ్నల జాబితా, ఎవరెక్కడ కూర్చోవాలో చూపే ప్లాను, ఓట్లు లెక్కపెట్టే షీటు, ఇలా ఆ బల్ల మీదికి వచ్చే ప్రతి కాగితమూ తయారయ్యేది మా సెక్షన్లోనే. అందుకే దానికి ఆ పేరు.

అసలు సంగతిలోకి వెళ్లేముందు ఒక కబురు చెప్పేస్తాను, నా దగ్గర ఆగడం లేదు. పోయిన నెల నాకు బి.ఏ. పట్టా వచ్చింది. రాజనీతి శాస్త్రం, దూరవిద్యలో, రెండో తరగతి. నాకిప్పుడు అరవై రెండేళ్లు. మా నాన్న యానాంలో గోదావరి దాటించే పడవ మీద తెడ్డు వేసేవాడు. మా ఇంట్లో ఇంటర్ దాకా వెళ్లిందీ నేనే మొదలు, డిగ్రీ చేతికొచ్చిందీ నాకే మొదలు. యానాం నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, "రిటైరయ్యాక డిగ్రీ ఏంటక్కా, మళ్లీ ఉజ్జోగం ఇత్తారా ఏంటి నీకు?" అన్నాడు. ఇవ్వరుగానీ పట్టాకి ఫ్రేము కట్టించాను, వచ్చి చూడు అన్నాను. చూడ్డానికి బస్సులో పద్నాలుగు గంటలు కూర్చోవాలా అన్నాడు. ఆ ఫ్రేము ఇప్పుడు మా ముందుగదిలో గడియారం పక్కన ఉంది. వచ్చినవాళ్లు టైము చూసేవంకతోనైనా దాన్ని చూస్తారు.

ఆఖరి సంవత్సరం పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది: పార్లమెంటరీ ప్రజాస్వామ్యాల్లో రాజ్యాంగ నియమాలు సంకీర్ణ ప్రభుత్వాల్ని ఎలా తీర్చిదిద్దుతాయో వివరించండి. చదవగానే నా కలం ఆగిపోయింది. తెలియక కాదు. ఆ నియమాల మధ్య నేను స్వయంగా ఒక తప్పు చేశాను, ఆ తప్పు దిద్దాను, దిద్దిన తర్వాత జరిగింది చూసి తప్పు చేసినప్పటికంటే ఎక్కువ అయోమయంలో పడ్డాను. ఇందులో ఎంత రాయాలో తోచక, పుస్తకంలో ఉన్నదే రాసి వచ్చేశాను. అక్కడ రాయనిది ఇక్కడ రాస్తున్నాను.

మా సభ చిన్నది. జనం ఎన్నుకునేది ముప్పై మందిని. వాళ్లు కాక ముగ్గురిని కేంద్ర ప్రభుత్వం నామినేట్ చెయ్యొచ్చు. ఎన్నిక కానివాళ్లకి ఓటేమిటని చాలామంది అడుగుతారు, సర్వీసులో చేరిన కొత్తలో నేనూ అడిగాను. చట్టం దృష్టిలో సభ్యుడంటే సభ్యుడే, అవిశ్వాస తీర్మానం మీద కూడా వాళ్లు ఓటెయ్యొచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి మొత్తం ముప్పై మూడు.

ఆ ఏడాది ఎవరికీ సొంతంగా బలం రాలేదు. ఒక పెద్ద పార్టీకి పది, దాని మిత్రపక్షమైన చిన్న పార్టీకి ఆరు. అవతల ప్రతిపక్షానికి పదమూడు, నామినేటెడ్ సభ్యులు ముగ్గురూ వాళ్ల వైపే. ఇటు పదహారు, అటు పదహారు. మిగిలింది ఒక్కరు, ఏ పార్టీ లేకుండా గెలిచిన టి. సుదర్శనం గారు. ఆయన సంకీర్ణానికి మద్దతు ఉత్తరం ఇచ్చారు, ప్రభుత్వం ఏర్పడింది. స్పీకరు పదవి పెద్ద పార్టీ సభ్యుడికే దక్కింది. ఇక్కడే లెక్క మళ్లీ మారింది. స్పీకరు మామూలుగా ఓటెయ్యరు, రెండు వైపులా సమానంగా వచ్చినప్పుడు మాత్రమే వేస్తారు. అంటే సభలో ఓటింగ్ జరిగితే సుదర్శనం గారితో కలిపి ఇటు పదహారు, అటు పదహారు, అప్పుడు స్పీకరు ఓటు. ఆ ప్రభుత్వం అలా ఇద్దరు మనుషుల మీద ఆనుకుని నిలబడింది. ఒకరు లేచి నిలబడితేనే రెండోవారికి ఓటు పుడుతుంది.

సుదర్శనం గారిది బజారులో ఎవర్‌సిల్వర్ పాత్రల అంగడి. ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. ప్రమాణం రోజు కాగితాలు నింపడానికి మా సెక్షన్‌కి వచ్చి, బల్ల మీద పి. మంగతాయారు అన్న నా పేరు ఇంగ్లీషులో చదివి, "మీరు మనోళ్లా అక్కా? యానామా?" అన్నారు. అవునన్నాను. "మా ఇంట్లోనూ తెలుగే మాట్లాడేది. అయితే సదవను రాదు. మా అవ్వ ఉండుంటే, గిన్నెలు అమ్ముకునేది ఇడిసిపెట్టి యాడికిరా పోయినావు అని అడిగుండేది." ఆ రోజు నుంచి సభకి వచ్చినప్పుడల్లా నా బల్ల దగ్గర ఓ నిమిషం ఆగేవారు. నేను సార్ అనేదాన్ని, ఆయన అక్కా అనేవారు. ఆయన నాకంటే నాలుగేళ్లు పెద్ద అని తర్వాత తెలిసింది, అయినా పిలుపు మారలేదు.

ఆ రోజు ఆయన నింపిన కాగితాన్ని మూడో ఫారం అంటారు. సభలో కూర్చునే ముందు ప్రతి సభ్యుడూ తన పేరు, చిరునామా, ఎన్నికైన నాటికి తాను ఏ పార్టీయో దాంట్లో సొంతంగా రాసి సంతకం పెట్టాలి. సుదర్శనం గారు పార్టీ గడిలో తమిళంలో 'స్వతంత్రుడు' అని రాశారు. నేను ముద్ర వేసి ఫైల్లో పెట్టాను. ఇది కాక ప్రతి పార్టీ నాయకుడూ తన సభ్యుల జాబితాతో ఒకటో ఫారం ఇవ్వాలి. దానికి ముప్పై రోజుల గడువుంది, అందుకని వాళ్లు తీరిగ్గా ఇస్తారు.

నా తప్పు ఆ తీరిక మధ్యలోనే జరిగింది. మొదటి సమావేశానికి సీటింగ్ ప్లాను వెయ్యాలి. ఎవరు ఏ వరసలో కూర్చుంటారో ప్రతి పార్టీ విప్పూ మాకు ఉత్తరం రాయడం ఆనవాయితీ. విప్ అంటే పార్టీ సభ్యుల్ని ఓటింగ్‌కి కూడగట్టి, ఎటు ఓటెయ్యాలో ఆదేశం ఇచ్చే సభ్యుడు. పెద్ద పార్టీ చీఫ్ విప్ ఉత్తరంలో పదకొండు పేర్లున్నాయి, పదకొండోది టి. సుదర్శనం. సీట్ల కోసం అది సరైనదే. మద్దతిచ్చే మనిషి ఆ వరసలోనే కూర్చుంటాడు. కానీ అదే మధ్యాహ్నం పొజిషన్ షీటు కూడా ముద్రణకి వెళ్లాలి. ఏ పార్టీకి ఎంతమంది సభ్యులో చూపే ఒక్క పేజీ అది. నమూనాగా నాకు ఫైల్లో దొరికింది స్వతంత్రులెవరూ లేని ఒక పాత సభ షీటు. దాంట్లో మూడే గడులు: పాలక పక్షం, ప్రతిపక్షం, నామినేటెడ్. పాలక పక్షం గడిలో పెద్ద పార్టీ పేరు కింద, చేతిలో ఉన్న విప్ ఉత్తరం చూసి, పదకొండు పేర్లూ టైపు చేయించాను. కింద నా పొట్టి సంతకం. కార్యదర్శి గారి ముద్ర పడింది, షీటు అందరికీ వెళ్లింది. ముప్పై రోజులకి పెద్ద పార్టీ ఇచ్చిన ఒకటో ఫారంలో పది పేర్లే ఉన్నాయి. దాన్ని ఫైల్లో పెట్టాను తప్ప షీటుతో పోల్చి చూడలేదు. ఏడు నెలలపాటు ఆ పేజీని తిరిగి చూసినవాళ్లు ఎవరూ లేరు.

జనవరిలో మేట్టుపాళయం పారిశ్రామిక ఎస్టేట్‌లో ఒక గిడ్డంగి ప్రారంభమైంది. మా ఊళ్లో ఏ వేడుకకి వెళ్లినా పెద్దమనుషులకి శాలువా కప్పుతారు, దాన్ని పొన్నాడ అంటారు. అది లేకపోతే పిలిచినవాళ్లు మర్యాద తెలియనివాళ్లు, వద్దన్నవాళ్లు పొగరుబోతులు. సుదర్శనం గారికి ఆ రోజు కప్పిన శాలువాకి పెద్ద పార్టీ రంగుల అంచు ఉంది. కప్పిన ఆ పార్టీ నాయకుడు మైకులో, మా సుదర్శనం అన్న మన కుటుంబం మనిషి అన్నాడు. మర్నాడు పత్రికల్లో ఫోటో వచ్చింది. వారం తిరక్కుండా ప్రతిపక్షం రెండు కాగితాలు ఇచ్చింది. ఒకటి అవిశ్వాస తీర్మానం నోటీసు. రెండోది సుదర్శనం గారి సభ్యత్వం రద్దు చెయ్యమని స్పీకరుకి పిటిషన్.

ఇక్కడ ఫిరాయింపుల చట్టం గురించి రెండు మాటలు చెప్పాలి. పార్టీ టికెట్ మీద గెలిచినవాళ్లు ఆ పార్టీని వదిలినా, విప్ ఆదేశాన్ని కాదని ఓటేసినా, ఓటెయ్యకుండా కూర్చున్నా సీటు పోవచ్చు. స్వతంత్రుడికి విప్ లేదు, ఎటైనా ఓటెయ్యొచ్చు. కానీ గెలిచిన తర్వాత ఏ పార్టీలో చేరినా అతని సీటు పోతుంది. మద్దతివ్వొచ్చు, మంత్రి కూడా కావొచ్చు, చేరకూడదు. ఇన్నేళ్ల సర్వీసులో ఈ వాక్యాలు ఎన్నోసార్లు టైపు చేయించాను. మద్దతు ఎక్కడ ముగిసి చేరిక ఎక్కడ మొదలవుతుందో మాత్రం నన్నెవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

పిటిషన్‌కి మూడు ఆధారాలు జతచేశారు. శాలువా ఫోటో. మైకు మాటలున్న పత్రికా వార్త. మూడోది నేను తయారుచేసిన పొజిషన్ షీటు. పెద్ద పార్టీ, పదకొండో పేరు, కింద నా సంతకం. మొదటి రెండూ రాజకీయం, మూడోది సచివాలయం ముద్ర ఉన్న కాగితం అని పిటిషన్లో రాశారు. అది చదివినప్పుడు నా చేతిలో కాఫీ కప్పు ఉంది. చల్లారిపోయేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున సుదర్శనం గారు వచ్చారు. నవ్వు లేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఏంది అక్కా ఇది. సుమ్మా సాలువ కప్పినారు. వద్దు అని ఎట్ల చెప్పేది? మర్యాద కాదు గదా. కప్పితే కట్చిలో చేరినట్టేనా?"

సుమ్మా అంటే ఊరికే, కట్చి అంటే పార్టీ. శాలువా సంగతి స్పీకరు గారు చూస్తారన్నాను.

"సరి, సాలువ పోనీ. మీ కాగితం ఉండాదే, దాంట్లో నేను పదకొండు. నేను యాడ చేరినా అక్కా? ఎప్పుడు చేరినా? నాకే తెలీదు."

సీటు పోతే ఏమవుతుందో ఆయనే చెప్పారు. అంగడి ఉంది, బతుక్కేం ఇబ్బంది లేదు. కానీ వీధి వీధి తిరిగి, ఏ కట్చిలోనూ చేరనని ఒట్టేసి ఓటడిగారు. చేరినందుకు సీటు పోయిందని ప్రకటిస్తే, బజారులో కూర్చుని గిన్నె తూచి ఇచ్చినా నమ్మేవాళ్లుండరన్నారు. "తూకంలో మోసం అంటే నేను ఒప్పుకోను. ఇదీ అట్లనే" అన్నారు. నా షీటే తప్పని నాకు తెలుసు. అయినా ఫైళ్లు చూసి చెప్తాను సార్ అన్నాను.

ఫైళ్లు చూశాక నాకు మరింత గందరగోళమైంది. మూడో ఫారం ప్రకారం ఆయన స్వతంత్రుడు. ఒకటో ఫారం ప్రకారం పెద్ద పార్టీకి పదిమందే. నా షీటు ప్రకారం పదకొండు. నా షీటు తప్పని చెప్తే, ప్రభుత్వాన్ని కాపాడ్డానికి సచివాలయం మాట మార్చిందని ప్రతిపక్షం అంటుంది. చెప్పకపోతే ఒక మనిషి సీటు నా సంతకంతో పోతుంది. ఏది చేసినా నేను ఒక పక్షం మనిషినవుతాను. ఏ పక్షానికీ చెందకుండా ఉండటమే కదా మా ఉద్యోగం అనుకుంటూ ఆ రోజంతా గడిపాను.

ఆ సాయంత్రం చీఫ్ విప్ మా సెక్షన్‌కి వచ్చారు. మనిషి మర్యాదస్తుడు, తమిళంలో మెల్లగా మాట్లాడతారు. ఫైలు మీదే కదమ్మా అన్నారు. జూన్ నాటి షీటుని పది పేర్లతో మళ్లీ టైపు చేసి, పాత తేదీతో ఫైల్లో పెడితే సరిపోతుందన్నారు. ఒక్క పేజీ మార్చడానికి ఎంతసేపు పడుతుంది అన్నారు. తన ఉత్తరం సంగతి ఎత్తలేదు. నేను ఎత్తితే, "అది కూర్చునే ఏర్పాటు, దాన్ని ఫైల్లోంచి తీసెయ్యండి" అన్నారు. ఆయన అడుగుతున్నది నిజమే, సుదర్శనం గారు పదకొండో మనిషి కాదు. అడుగుతున్న పద్ధతి మాత్రం అబద్ధం. ఇలాంటిది సర్వీసులో నాకు మొదటిసారి ఎదురైంది. నాకు తోచిన జవాబు ఒక్కటే: అచ్చైన కాగితాన్ని మార్చడం మా దగ్గర లేదండీ, సవరణ పత్రం వెయ్యడమే ఉంది. ఎవరికోసం అంత మొండితనం అన్నారు. నాకూ స్పష్టంగా తెలియదు, సవరణ పత్రానికి కాగితం మాత్రం తీశాను.

సవరణ పత్రం పద్ధతి ఇది. ఏ తేదీన వచ్చిన ఏ కాగితంలో ఏ వరస తప్పో, దానికి బదులు ఏం చదువుకోవాలో, తప్పు ఎలా జరిగిందో ఈ రోజు తేదీతో రాయాలి. ఆధారాలు జతచెయ్యాలి. పాత కాగితం అందినవాళ్లందరికీ కొత్తది పంపాలి. పాతది ఫైల్లో అలాగే ఉంటుంది. నేను అరపేజీ రాశాను. సీట్ల కోసం వచ్చిన చీఫ్ విప్ ఉత్తరాన్ని పార్టీ జాబితాగా పొరపాటు పడ్డాననీ, సభ్యుడి మూడో ఫారం చూడలేదనీ రాశాను. రెండు ఫారాలూ, విప్ ఉత్తరమూ జతచేశాను. కార్యదర్శి గారు చదివి, ఇది మీ చేతిరాతతో మీమీద మీరే ఇచ్చుకున్న ఫిర్యాదులా ఉంది అన్నారు. అయినా పైకి పంపారు.

స్పీకరు గారు పూర్వాశ్రమంలో వకీలు. పిటిషన్‌ని నెలల తరబడి పక్కన పెట్టే వీలు ఆయనకి ఉంది. చాలా సభల్లో స్పీకర్లు అదే చేస్తారని తర్వాత పుస్తకాల్లో చదివాను. ఈయన మాత్రం, తేలని మనిషి ఓటుతో ప్రభుత్వం నిలబడితే ఆ ఓటు కోర్టుల చుట్టూ తిరుగుతుంది, ఓటింగ్‌కి ముందే తేలుస్తాను అన్నారు. సభ్యుడి జవాబుకి ఏడు రోజులిచ్చి, అవిశ్వాసం మీద చర్చని ఆ తర్వాతి వారానికి పెట్టారు. నన్ను గదికి పిలిచి నా కాగితం చేతిలో పట్టుకుని, విప్ ఉత్తరం జతచెయ్యడం తప్పనిసరా అని అడిగారు. ఆ పార్టీ ఆయనది కూడా. జతచెయ్యకపోతే ఆ పేరు నాకు ఎవరిచ్చారని అడుగుతారండీ, సుదర్శనం గారే చెప్పి రాయించుకున్నారని అనుకుంటారు, అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "సరే, వెళ్లనివ్వండి" అన్నారు.

విప్ ఉత్తరంతో సహా నకళ్లు ముప్పైముగ్గురికీ వెళ్లాయి. సుదర్శనం గారి నకలు ఇంగ్లీషులో ఉంది, అది ఆయన చదవగలరు.

స్పీకరు గారి నిర్ణయం ఓటింగ్‌కి ముందురోజు వచ్చింది. వేడుకలో శాలువా కప్పించుకోవడం ఒక్కటే పార్టీలో చేరడం కాదు, ఎవరో మైకులో అన్న మాట ఆయన మాట కాదు, పొజిషన్ షీటులో తప్పు సచివాలయానిది, సభ్యుడు సొంతంగా రాసిన ఫారం స్పష్టంగా ఉంది, పిటిషన్ కొట్టివేస్తున్నాను. సుదర్శనం గారి సీటు నిలబడింది. మధ్యాహ్నం భోజనం చేశాను, చాలా రోజుల తర్వాత రుచి తెలిసింది. ప్రభుత్వం కూడా నిలబడినట్టే అనుకున్నాను. ఆ రెండూ ఒకటేనని నా నమ్మకం.

మర్నాడు చర్చ పదకొండింటికి మొదలై రెండున్నరకి ముగిసింది. మా సభలో ఓట్లు నొక్కే మిషను ఉండేది కాదు. తీర్మానానికి అనుకూలురు వరసలవారీగా లేచి నిలబడతారు, లెక్కపెడతాం, కూర్చుంటారు. తర్వాత వ్యతిరేకులు. ఆఖర్న తటస్థులు. షీటు మీద మూడు గడులు, గీసేది మేమే. తటస్థుల గడి మామూలుగా ఖాళీగా పోతుంది. అయినా పిలవడం పద్ధతి.

అనుకూలురు లేచారు. ప్రతిపక్షం పదమూడు, నామినేటెడ్ మూడు, మొత్తం పదహారు. రాశాను. వ్యతిరేకులు లేచారు. పెద్ద పార్టీ వరసలో స్పీకరు పోను తొమ్మిది, చిన్న పార్టీ ఆరు. పదిహేను. ఒకటి తక్కువైందని మళ్లీ లెక్కపెట్టాను. పదిహేనే. చీఫ్ విప్ వెనక్కి తిరిగి చేత్తో లేవమని సైగ చేస్తున్నారు. సుదర్శనం గారు ఆయన్ని చూస్తూ కూర్చునే ఉన్నారు. తటస్థులు అని కార్యదర్శి గారు చదివారు. అప్పుడు లేచారు, ఒక్కరే. చొక్కా సర్దుకుని, చేతులు ముందు కట్టుకుని నిలబడ్డారు. నేను మూడో గడిలో ఒకటి వేశాను.

పదహారు, పదిహేను, ఒకటి. సమానం కాదు కాబట్టి స్పీకరు గారికి ఓటు లేదు. చేతిలో ఓటు ఉండీ లేని ఆ మనిషే, తీర్మానం నెగ్గిందని ప్రకటించారు. ప్రభుత్వం పడిపోయింది.

సుదర్శనం గారి మీద ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. పెద్ద పార్టీ సభ్యుడైతే విప్‌ని ధిక్కరించినందుకు సీటు పోయేది. ఆయన ఆ పార్టీ సభ్యుడు కాదని రుజువైంది ముందురోజే, ఆ రుజువు తయారుచేసింది నేను.

లాబీలో ఆయన నాకోసం ఆగారు. చుట్టూ అరుపులు. నేను ఏమీ అడగకూడదు, అయినా నా మొహంలో ఉన్నదేదో ఆయన చూశారు.

"పదకొండో నంబరు నాకు ఎవురు ఇచ్చినారక్కా? ఆ జాబు సదివినా. మొదటి దినమే నన్ను వాళ్ల లెక్కలో ఏసుకున్నారు. ఒక మాట అడగలా."

నేనూ రాశాను కదా సార్ అన్నాను.

"మీరూ రాసినారు. అయితే తప్పు అని చెప్పినారు. వాళ్లు చెప్పలా." చేతిగడియారం చూసుకుని, "అవతలోళ్లకీ ఎయ్యలా నేను. నా మింద కేసు పెట్టింది వాళ్లే గదా. ఎట్ల ఏసేది" అన్నారు. అంగడికి టైమైందని వెళ్లిపోయారు.

తర్వాత జరిగింది నాకు ఇంకా వింతగా తోచింది. కొన్ని వారాలకి చిన్న పార్టీ ఆరుగురూ కలిసికట్టుగా ప్రతిపక్షంతో పొత్తు పెట్టుకున్నారు, వాళ్లతో కొత్త సంకీర్ణం వచ్చింది. ఆరుగురూ ఒకే రోజు ఇటు వరసలోంచి అటు వరసలోకి మారి కూర్చున్నారు. ఎవరి మీదా పిటిషన్ రాలేదు, రాకూడదు కూడా. ఎవరూ తమ పార్టీ వదల్లేదు, పార్టీయే పొత్తు మార్చుకుంది. ఒక మనిషి భుజం మీద శాలువాని అంతగా తరచి చూసిన చట్టం, ఆరుగురు హాలు దాటి నడిచి వెళ్తే అడ్డు చెప్పలేదు. ఇది న్యాయమో కాదోగానీ నియమం అలా ఉంది.

నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. షీటులో తప్పు నాదే కాబట్టి ఒప్పుకుంటూ రాశాను. హెచ్చరిక నమోదైంది, ఆ ఏడాది రావాల్సిన అండర్ సెక్రటరీ ప్రమోషన్ రాలేదు, సచివాలయం లైబ్రరీకి బదిలీ చేశారు. మా వాళ్లు శిక్ష అన్నారు. నేనూ మొదటి వారం అలాగే అనుకున్నాను. తర్వాత ఆ అల్మారాల్లో ఒక పుస్తకం తీశాను. జర్మనీలో ప్రభుత్వాన్ని దించాలంటే బదులుగా ఎవరు రావాలో పేరు చెప్పి, సభ మొత్తం బలంలో సగానికి మించి ఓట్లు తెచ్చుకోవాలట. ఆ నియమం మా సభకి ఉంటే పదహారు ఓట్లు చాలేవి కావు, ఆ ప్రభుత్వం నిలబడేది. స్వీడన్‌లో ప్రధానమంత్రిని ఎన్నుకోవడానికి సగానికి పైగా అనుకూలంగా ఓటెయ్యనక్కర్లేదు, సగానికి పైగా వ్యతిరేకించకుంటే చాలు. అక్కడైతే చిన్న పార్టీల్ని, స్వతంత్రుల్ని ఇంతగా పట్టుకుని లాగే అవసరం తక్కువ. అవే అంకెలు, ఆ మనుషులే, నియమం మారితే ఫలితం మారుతుంది. ఆ పుస్తకం మూసి, డిగ్రీకి దరఖాస్తు ఎక్కడ దొరుకుతుందో అడిగాను. అప్పుడు నాకు యాభై ఎనిమిది.

ఈ వ్యవహారం నాకు నేర్పినవి రెండు. జాబితాలో ఎవరి పేరైనా రాసేముందు ఆ మనిషి స్వయంగా రాసి ఇచ్చిన కాగితం చూడాలి, అతని తరఫున ఇంకొకరు రాసిన కాగితం చాలదు. రెండోది, సచివాలయం కాపాడేది సభ్యుడి సీటుని, ప్రభుత్వాన్ని కాదు. సీటులో కూర్చున్న మనిషి దాంతో ఏం చేస్తాడో మన లెక్కలోకి రాదు.

పోయిన వారం పట్టా నకలు పట్టుకుని పాత సెక్షన్‌కి వెళ్లాను. ఇప్పుడున్న సూపరింటెండెంటు మిఠాయి తెప్పించింది, పొజిషన్ షీటు కూడా చూపించింది. నాలుగు గడులున్నాయి. నాలుగోదాని పైన 'ఏ పార్టీకీ చెందనివారు' అని ఉంది. లైబ్రరీకి వెళ్లేముందు నేను గీసి ఇచ్చినదే. ఇందులో ఎవరూ లేరు మేడమ్, ఊరికే చోటు పోతోంది, వచ్చేసారి తీసేద్దామనుకుంటున్నాం అంది. తీయొద్దని చెప్పి వచ్చాను.